‘మెలీ వెపన్ అటాక్’కు విగ్రహవాక్యం ఏది?

ప్రశ్న: ఆటగాళ్లు పాత్రలుగా మారి ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట ఐదవ ఎడిషన్ నియమాలను ఇంట్లో పిల్లల కోసం తెలుగులో రాసుకుంటున్నాము. 2014 నాటి పుస్తకం ప్రకారం పలాడిన్ అనే యోధుడి పాత్ర ‘మెలీ వెపన్ అటాక్’తో (మెలీ అంటే చేరువ పోరు, వెపన్ ఆయుధం, అటాక్ దాడి) శత్రువును తాకినప్పుడు మంత్రశక్తిని ఖర్చు చేసి, కనీసం రెండు ఎనిమిది ముఖాల పాచికలంత కాంతి నష్టాన్ని అదనంగా కలిగించవచ్చు. మొన్నటి ఆటలో మా పలాడిన్ ఈటెను విసిరి కొట్టాడు. ఈటె మెలీ ఆయుధాల పట్టికలోనే ఉన్నది కనుక ఆ శక్తి వర్తిస్తుందని ఒకరు, విసిరాక అది దూరపు దాడే కనుక వర్తించదని మరొకరు వాదించారు. ‘మెలీ వెపన్ అటాక్’ అన్న మూడు మాటలను తెలుగులో ఎలా రాయాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: మీ ఇంట్లో జరిగినది సమాసానికి విగ్రహవాక్యం చెప్పడంలో వచ్చిన వాదమేనండి. ‘మెలీ వెపన్‌తో అటాక్’ అని విడదీస్తే అది తృతీయా తత్పురుషం. విసిరినా ఈటె మెలీ ఆయుధమే కనుక పాచికలు దక్కుతాయి. అలా కాక ‘వెపన్ అటాక్’ను ముందు ఒక్క పదంగా తీసుకుని ‘మెలీ’ని దానికి విశేషణంగా నిలిపితే కర్మధారయం, అప్పుడు చూడవలసినది ఆయుధం ఏ పట్టికలో ఉన్నదని కాదు, దాడి చేరువ నుండి జరిగిందా లేదా అని. ఆట రూపకర్తలు తమ అధికారిక వివరణలో ఈ రెండవ అర్థాన్నే ఖాయం చేశారు. కాబట్టి దయచేసి ‘చేరువ ఆయుధ దాడి’ అని రాయకండి; అలా రాస్తే ఇంగ్లీషులోని చిక్కు అంతా మన వాక్యంలోకి వచ్చి కూర్చుంటుంది. ‘చేరువ నుండి ఆయుధంతో చేసిన దాడి’ అని విభక్తులతో విప్పి రాస్తే పదేళ్ల పిల్లవాడికీ సందేహం రాదు.

ప్రశ్న: ధన్యవాదాలండి. అయితే వట్టి పిడికిలితో కొట్టినా అది మెలీ వెపన్ అటాక్ కిందికే వస్తుందని అదే నియమావళి చెబుతోంది. మీరిచ్చిన వాక్యంలోని ‘ఆయుధంతో’ అన్న మాట అక్కడ అడ్డుపడదా?

జవాబు: పడుతుంది, సరిగ్గా పట్టుకున్నారు. వీణలో నేర్పరి అని వ్యుత్పత్తి చెప్పే ‘ప్రవీణుడు’ను వంటలో ప్రవీణుడు అనడానికి మనం ఎలా వెనుకాడమో, ఇక్కడా అలాగే విడి పదాలిచ్చే అవయవార్థం జారిపోయి, వాడుకలో స్థిరపడిన అర్థమైన రూఢి మిగిలింది. కనుక పిడికిలితోనో కాలితోనో కొట్టిన దెబ్బ కూడా ఈ లెక్కలోకే వస్తుందని నిర్వచనంలో విడిగా రాయక తప్పదు. మంక్ అనే సన్యాసి యోధుడి పాత్ర శత్రువును స్తంభింపజేసే శక్తికి అంతమాత్రం చాలు. పలాడిన్ నియమంలో మాత్రం ఆ నష్టం ‘ఆయుధం కలిగించే నష్టానికి అదనంగా’ అని మరో మాట ఉన్నది. సమాసం వెలుపల ఒంటరిగా నిలిచిన ఆ ‘ఆయుధం’ తన అసలు అర్థాన్ని వదులుకోదు. అందుకే పిడికిలి దెబ్బకు ఆ కాంతి తోడవడం తమ ఉద్దేశం కాదని రూపకర్తలు వివరించారు. 2024 కూర్పులో ఆ సమాసాన్నే తీసేసి, మెలీ ఆయుధంతో గానీ వట్టి చేతి దెబ్బతో గానీ తాకిన వెంటనే ఆ శక్తిని వాడవచ్చని విడమరచి రాశారు. మీరు ఆ కూర్పును అనుసరించేటట్లయితే, మీ పలాడిన్ విసిరిన ఈటెకు కూడా పాచికలు వేయనివ్వండి.