విమానం రెక్క చివర అమర్చే రాడార్‌కు కార్ల బ్యాండే ఎందుకు?

ప్రశ్న: చిర్ప్_77

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో కార్ల రాడార్ చిప్‌లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలో రేడియో తరంగాల వాడకాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2017 జులైలో 76–81 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను (పౌనఃపున్యాల పట్టీని) వాహనాల రాడార్లకు తెరిచినప్పుడు, విమానాశ్రయంలో నేల మీద నడిచే విమానాల రెక్కల చివర అమర్చే రాడార్లకూ అదే ఉత్తర్వులో అనుమతి ఇచ్చింది. విమానం నేల మీద ఉన్నంతసేపే అవి పనిచేయాలని షరతు పెట్టింది.

నా సందేహాలు రెండు. విమానయానానికి ప్రత్యేకంగా బ్యాండ్లు ఉండగా కార్లతో పంచుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? విమానం గాల్లోకి లేవగానే ఎందుకు ఆపేయాలి? మా ల్యాబ్‌లో రెండు రాడార్లను ఎదురెదురుగా పెట్టి నడిపితే తెర మీద నాయిస్ (అక్కర్లేని సంకేతాల) మట్టం ఒక్కసారిగా పైకి లేస్తుంది, అంతవరకు స్పష్టంగా కనిపించిన సన్నటి ఇనుప కడ్డీ అందులో మునిగిపోతుంది. రోజూ కళ్లారా చూస్తున్నాను కాబట్టే ఈ పంపకం నన్ను కలవరపెడుతోంది.

జవాబు 1: యాంటెన్నా మేస్త్రి

మీ మొదటి సందేహానికి సమాధానం తరంగదైర్ఘ్యంలో ఉంది. 77 గిగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 3.9 మిల్లీమీటర్లు. అందువల్ల 6 సెంటీమీటర్ల వెడల్పున్న యాంటెన్నాతోనే నాలుగైదు డిగ్రీల సన్నని కిరణం వస్తుంది. అదే కిరణం 9 గిగాహెర్ట్జ్‌లో కావాలంటే అర మీటరు వెడల్పున్న యాంటెన్నా పెట్టాలి, దానికి రెక్క చివర చోటెక్కడిది? 77 గిగాహెర్ట్జ్ యాంటెన్నా అయితే అక్కడి లైటు పక్కన ఇమిడిపోతుంది.

రెండో లాభం బ్యాండ్ వెడల్పు. 1 గిగాహెర్ట్జ్ వెడల్పు వాడుకుంటే దూరంలో 15 సెంటీమీటర్ల తేడా తెలుస్తుంది, 4 గిగాహెర్ట్జ్ వాడుకుంటే 4 సెంటీమీటర్లలోపు తేడా కూడా తెలుస్తుంది. అంత వెడల్పు కింది బ్యాండ్లలో దొరకదు.

ఈ సూక్ష్మత ఎందుకు అవసరమో 2011 ఏప్రిల్ 11న న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో కనిపించింది. టాక్సీవే (గేటుకూ రన్‌వేకూ మధ్య దారి) మీద వెళ్తున్న ఒక ఎయిర్‌బస్ ఏ380 విమానం ఎడమ రెక్క కొన, గేటు కోసం ఆగి ఉన్న చిన్న జెట్ తోకకు తగిలి దాన్ని పక్కకు తిప్పేసింది. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు. ఏ380 రెక్కల విస్తారం దాదాపు 80 మీటర్లు, కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్‌కు ఆ కొన కనిపించదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్తుంటే, 30 మీటర్ల దూరంలో అడ్డం కనిపించినా చేతిలో ఉండేది మూడు సెకన్లే. రెక్కల చివరలు కాక్‌పిట్ నుంచి కనిపించని పెద్ద విమానాలకు కెమెరా వంటి సాధనాలను తప్పనిసరి చేయాలని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో సిఫారసు చేసింది. కెమెరాకు పొగమంచు అడ్డు వస్తుంది, మిల్లీమీటరు తరంగాలకు అంత దగ్గర దూరంలో అది లెక్కలోకి రాదు.

జవాబు 2: టవర్ నుంచి

నేను చాలా ఏళ్లు కంట్రోల్ టవర్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. కొత్తగా ఈ విషయం చదివేవారు టవర్ రాడార్‌నూ రెక్క రాడార్‌నూ ఒకటిగా అనుకోకూడదు. మేము వాడే నేల కదలికల రాడార్ 9 గిగాహెర్ట్జ్ దగ్గర గానీ 16 గిగాహెర్ట్జ్ దగ్గర గానీ పనిచేస్తుంది, రన్‌వే మీద ఎవరున్నారో చెప్తుంది. 2001 అక్టోబర్ 8న ఇటలీలోని మిలాన్ లినాటేలో దట్టమైన పొగమంచులో ఒక చిన్న జెట్ దారి తప్పి రన్‌వే మీదికి వచ్చి, టేకాఫ్ తీసుకుంటున్న విమానానికి అడ్డుపడింది. 118 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ పనిచేస్తున్న నేల రాడార్ లేదు, పాతదాన్ని ఆపేశారు, కొత్తది ఇంకా పనిలోకి రాలేదు. అలాంటి ప్రమాదాన్ని ఆపడం రెక్క రాడార్ వల్ల కాదు. అయితే రెక్క కొనకూ పక్క విమానం తోకకూ మధ్య రెండు మీటర్లుందా, అర మీటరుందా అన్నది టవర్ రాడార్‌కు అందదు. అక్కడ ఈ రోజుకీ మార్షలర్ (సైగలతో విమానానికి దారి చూపే మనిషి) చేతి కర్రలే, రెక్క పక్కన నడిచే మనిషి కళ్లే ఆధారం.

జవాబు 3: గ్రాహకం

నేల మీదే ఎందుకు అన్నదానికి నేను చెప్తాను, నాకు రేడియో ఖగోళశాస్త్రం మీద మక్కువ. ఈ బ్యాండ్‌లో మనకంటే ముందు నుంచీ ఉన్నవారిలో రేడియో టెలిస్కోపులు ఒకటి, 77.5–78 గిగాహెర్ట్జ్ ముక్కలో అమెచ్యూర్ రేడియోవారు మరొకరు. నక్షత్రాలు పుట్టే చల్లని మేఘాల్లో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిసిన అణువులు వెలువరించే రేడియో సంకేతాలు (వర్ణపట గీతలు) 76, 77 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే ఉన్నాయి, అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపు వాటిని వినగలదు. విమానం నేల మీద ఉంటే కొండలు, భవనాలు, భూమి వంపు దాని సంకేతాన్ని అడ్డుకుంటాయి. అదే 10 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే దాదాపు 400 కిలోమీటర్ల దూరంలోని టెలిస్కోపు కూడా దానికి నేరుగా కనిపిస్తుంది.

మరో సంగతి చాలామంది గమనించరు. 2015లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం 77.5–78 గిగాహెర్ట్జ్‌ను రేడియోలొకేషన్ (రేడియో తరంగాలతో వస్తువుల ఉనికిని కనుక్కునే) సేవకు కేటాయిస్తూ, నేల మీద వాడే స్వల్పశ్రేణి రాడార్లకే పరిమితమని అధస్సూచికలో రాసింది. అంతర్జాతీయ నిబంధనల్లో రేడియోనావిగేషన్‌కు (రేడియో తరంగాలతో దారి చూపే సేవకు) ప్రాణరక్షణ సేవలకిచ్చే ప్రత్యేక రక్షణ ఉంది, రేడియోలొకేషన్‌కు అది లేదు. కాబట్టి రెక్క రాడార్ పైలట్‌కు తోడుగా ఉండగలదు గానీ, దాని మాట మీదే విమానాన్ని కదిలించే హక్కు ఈ కేటాయింపు ఎవరికీ ఇవ్వదు. తయారీదారులు దీన్ని మరిచిపోకూడదని నా గట్టి అభిప్రాయం.

చిర్ప్_77

ముగ్గురికీ కృతజ్ఞతలు. మన దేశంలో 2015లోనే 76–77 గిగాహెర్ట్జ్‌ను స్వల్పశ్రేణి రాడార్లకు లైసెన్సు లేకుండా వదిలారు కాబట్టి ఏప్రన్ (విమానాలను నిలిపే చోటు) మీద తిరిగే వాహనాల్లోనూ ఇవే చిప్‌లు ఉండవచ్చు. అక్కడ నేను ల్యాబ్‌లో చూసే దృశ్యమే ఎదురవదా?

యాంటెన్నా మేస్త్రి

ఎదురవుతుంది, అయితే మీ బల్ల మీద ఉన్నంత తీవ్రంగా కాదు. కారు రాడార్ బంపర్ ఎత్తులో ఉండి నిలువు దిశలో సన్నని కిరణంతో రోడ్డును చూస్తుంది, పెద్ద విమానం రెక్క కొన దానికి కొన్ని మీటర్ల పైన ఉంటుంది. దీనికి తోడు రెక్క రాడార్‌ను 77 గిగాహెర్ట్జ్‌కు పైనున్న భాగానికి జరిపి, చిర్ప్‌ల (పౌనఃపున్యం క్రమంగా మారే రాడార్ సంకేతాల) వాలును, ఆరంభ సమయాన్ని ప్రతిసారీ మారిస్తే ఢీకొనే చిర్ప్‌లు బాగా తగ్గుతాయి. మీ ఇనుప కడ్డీ పరీక్షనే ఒక రాడార్‌ను నాలుగు మీటర్ల ఎత్తులో బిగించి మళ్లీ చేయండి.

టవర్ నుంచి

చేసేటప్పుడు నేలను తడిపి కూడా ఒకసారి చూడండి. వాన పడిన ఏప్రన్ అద్దంలా ఉంటుంది, కింది వాహనాల కిరణాలు అక్కడి నుంచి పైకి ఎంతవరకు వస్తాయో తెలుసుకోవాలని నాకూ ఉంది.