ఇది పిల్ల బాల్డ్ ఈగిలేనా? కోనోవింగో డ్యామ్‌కి ఏ వేళకి వెళ్లాలి?

మేం మేరీలాండ్‌లో ఉంటాం. మా ఇంటి దగ్గర చెరువు మీద ఓ పెద్ద గోధుమరంగు పక్షి తిరుగుతోంది. బాల్డ్ ఈగిల్‌కి తల, తోక పూర్తిగా తెల్లబడటానికి సుమారు 5 ఏళ్లు పడుతుంది కాబట్టి, పిల్లదేమోనని ఆశగా ఉంది. టర్కీ వల్చర్ (ఇక్కడి ఓ రకం రాబందు) అయితే రెక్కలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతూ ఎగురుతుంది. ఇది రెక్కలు పలకలా చాచి, ఊగకుండా సాగిపోతోంది. మరి గోల్డెన్ ఈగిల్ కాదని ఎలా తేల్చుకోవాలి? తోక కింద చూడాలా, కాళ్లా?

ఇంకోటి. నవంబరులో అమ్మానాన్నలు ఊరి నుంచి వస్తున్నారు. అప్పుడు సస్క్వెహానా నది మీద కోనోవింగో డ్యామ్ దగ్గర చేపల కోసం ఈగిల్స్ గుంపులుగా చేరతాయి కదా, నాన్నకి చూపించాలని చాలా కోరిక. ఆయన ఎక్కువ దూరం నడవలేరు. ఏ వేళకి వెళ్తే పార్కింగ్ దగ్గర్నుంచే బాగా కనిపిస్తాయి? 8×42 బైనాక్యులర్స్ సరిపోతాయా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ప్లీజ్.