‘పర్స్‌నికెటీ’కి, ‘ఫాస్టిడియస్’కి తేడా ఏంటి?

లలిత_కె: అమెరికా వాళ్ల రాతల్లో ‘పర్స్‌నికెటీ’, బ్రిటిష్ పత్రికల్లో ‘పెర్నికెటీ’. రెండూ ఒకటేనా? ‘ఫాస్టిడియస్’ బదులు వాడొచ్చా?

భాష్యం: మొదటి రెండూ ఒకటేనండీ. స్కాట్లాండ్ మాట. 19వ శతాబ్దం మొదట్లో ‘పెర్నికెటీ’గా రాతకెక్కింది, అమెరికాలో ఆ శతాబ్దం చివరికి మధ్యలో ‘స్’ చేరింది. ‘పర్టిక్యులర్’ నుంచి పుట్టిందంటారు గానీ అది ఊహే. పలికేటప్పుడు ‘నిక్’ మీద ఒత్తాలి. అయినదానికీ కానిదానికీ వంకలు పెట్టేవాళ్లను అంటారు. కబుర్లలో సరే, ఆఫీసు ఈమెయిల్‌లో వద్దు.

‘ఫాస్టిడియస్’ లాటిన్‌ది. ‘ఫాస్టిడియమ్’ అంటే ఏవగింపు. ఆ ఏవగింపు ఇప్పుడు చాలావరకు పోయి, ప్రతి చిన్నదాన్నీ పట్టి చూసే తీరు మిగిలింది. అకౌంట్స్ చూసే ఆవిడను ‘ఫాస్టిడియస్’ అంటే మెచ్చుకోలు, ‘పర్స్‌నికెటీ’ అంటే విసుగు. అందుకే ఒకదాని బదులు ఒకటి పెడితే మాట తిరగబడుతుంది.

ఇక ‘ఫినికీ’. కూర నచ్చక కంచం తోసేసే పిల్లాడికీ, ఓసారి స్టార్టయి ఓసారి మొరాయించే మోటారుకీ కూడా సరిపోతుంది. మోటారును ‘ఫాస్టిడియస్’ అనరు.

రామం_గుంటూరు: తెలుగులో ‘చాదస్తం’ అనేయొచ్చా?

భాష్యం: అన్నిచోట్లా కుదరదు. ఆ మాట ఛందస్సు నుంచి వచ్చింది. ఛందస్సు అంటే వేదం, ఛాందసుడు అంటే వేదం చదివినవాడు. ఆచారం, పద్ధతి దగ్గర పట్టుదలకు చాదస్తం బాగుంటుంది. తిండి దగ్గర పేచీకి ‘వంకలు పెట్టడం’ అనాల్సిందే.

కల్చర్_ప్లేట్: మైక్రోబయాలజీలో ‘ఫాస్టిడియస్’ తిట్టూ కాదు, మెచ్చుకోలూ కాదు. మామూలు మీడియంలో (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే ఆహారంలో) పెరగని బ్యాక్టీరియాకు ఆ పేరు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజానే చూడండి. దానికి హీమిన్ (రక్తం నుంచి దొరికే ఇనుమున్న పదార్థం), ఎన్‌ఏడీ (కణాల్లో ఉండే సహాయక పదార్థం) రెండూ కావాలి. మామూలు గొర్రె రక్తం అగార్‌లో (రక్తం కలిపిన జెల్లీ లాంటి మీడియంలో) ఎన్‌ఏడీ ఎర్రకణాల లోపలే ఉండిపోతుంది, బయటికొచ్చిన కాస్తనూ రక్తంలోని ఎంజైములు పాడుచేస్తాయి. రక్తం కలిపిన మీడియంను దాదాపు 80 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే కణాలు పగులుతాయి, ఆ ఎంజైములూ చచ్చిపోతాయి. రంగు గోధుమకు తిరుగుతుంది కాబట్టి చాక్లెట్ అగార్ అన్నారు, అందులో చాక్లెట్ ఉండదు. ప్లేటును 5–10 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెట్టాలి.

లలిత_కె: ప్లేటు సరిగ్గానే ఉన్నా ఒక్కోసారి పెరగదంటారు, ఎందుకు?

కల్చర్_ప్లేట్: ముందే యాంటీబయాటిక్ పడి ఉండొచ్చు. లేదా శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు. చలికి ఈ బ్యాక్టీరియా తట్టుకోదు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానంతో తీసిన వెన్నునీటిని కల్చర్‌కు పంపేటప్పుడు గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి.