స్కీ జంపింగ్ పీటర్ ప్రెవ్ట్స్ గురించి ఎవరికన్నా తెల్సా? ఇంటిల్లిపాదీ ఇదే పనంట

అనంతపురం_బాబు:
రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తాంటే స్కీ జంపింగ్ వీడియో వచ్చింది, అదే కాళ్ళకి పొడుగు చెక్కలు కట్టుకుని మంచు కొండ మీంచి జారి గాల్లోకి దూకే ఆట, ఇంక నిద్రేడిది. డోమెన్ ప్రెవ్ట్స్ అని స్లొవేనియా పిల్లోడు 254.5 మీటర్లు గాల్లో పోయినాడు. మనకాడ వంద మీటర్ల సిక్స్ కొడితేనే రెండ్రోజులు చెప్పుకుంటాం, ఇది బాలు కాదు మనిషి అప్పా! కామెంట్లల్లో మాత్రం ‘వాళ్ళన్న పీటర్ ముందర ఎంత’ అంటాండారు. ఎవరీ పీటర్? వాళ్ళ నాయన స్కీ జంపింగ్ జడ్జి అంట, మార్కులు ఇంట్లోనే వేసుకుంటారా ఏంది?

కర్నూలు_కుర్రోడు:
అన్నా పీటర్ ఇంటికి పెద్దోడు, 1992లో పుట్టినాడు. తర్వాత ట్సెనె, డోమెన్, చెల్లెలు నీకా, అందరూ ఇదే ఆట. 2014 సోచీ ఒలింపిక్స్‌లో ఒక సిల్వర్ ఒక బ్రాంజ్, 2015 ఫిబ్రవరిలో నార్వేలోని వికెర్‌సుండ్‌లో 250 మీటర్లు, అంత దూరం దూకిన మొదటోడు ఈయనే. నాకు కడుపు మండేది మాత్రం ఆ 2014-15 సీజనే. వరల్డ్ కప్ అంటే సీజనంతా జరిగే పోటీల పాయింట్లు కలిపి ఇచ్చేది, అది మొత్తం అయిపోయేసరికి ఈయనకీ జర్మనీ ఆటగాడు ఫ్రాయింట్‌కీ ఇద్దరికీ సమానంగా 1729 పాయింట్లు, గెలిచిన పోటీలు ఎక్కువని కప్పు ఫ్రాయింట్‌కి ఇచ్చినారు. ఆఖరి పోటీ స్లొవేనియాలోని ప్లానిట్సాలో, సొంతూర్లో అనుకో, దాంట్లో ఫస్టొచ్చింది ఎవరో కాదు సొంత టీమోడే, పీటర్ సెకండ్. మరుసటేడు కసి మీద 15 పోటీలు గెలిచినాడు, ఫోర్ హిల్స్ అని నాలుగు కొండల మీద జరిగే పెద్ద టోర్నీ కూడా కొట్టినాడు.

కడప_పీఈటీ:
జడ్జీ సంగతి చెప్తా బాబూ. ఐదుగురు ఉంటారు, ఒక్కొక్కరు ఎగిరే తీరు, దిగే తీరు చూసి 20కి మార్కులు వేస్తారు, అందర్లో ఎక్కువది తక్కువది రెండూ తీసేస్తారు, కాబట్టి ఒక్కడు ప్రేమగా వేసినా పనికి రాదు. గాలి ఎదురొస్తే దూరం పోవచ్చు కాబట్టి దానికి పాయింట్లు కోస్తారు, వెనకనుంచి తోస్తే కలుపుతారు. దిగేటప్పుడు ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి, మోకాలు వంచి, చేతులు చాపి దిగాల. రెండు కాళ్ళూ జత చేసి దబ్బున దిగితే మార్కులు పోతాయి. మా స్కూల్లో లాంగ్ జంప్ పిల్లోళ్ళకి ఇసకలో దిగేది నేర్పియ్యడానికే నా తల ప్రాణం తోకకొస్తాది.

అనంతపురం_బాబు:
మరి 2016 తర్వాత పీటర్ ఏమైనాడు? పేరున్న ఇల్లు కాబట్టి నెట్టుకొచ్చినాడా?

కర్నూలు_కుర్రోడు:
లేదన్నా, చీలమండ ఆపరేషన్ అయింది, ముందు మాదిరి గెలుపులు లేవు. తమ్ముడు చెల్లెలు పైకొస్తాంటే ‘పీటర్ అయిపోయినాడు’ అనే మాటలు పడినాడు. అట్లాంటోడు 2022 బీజింగ్‌లో మిక్స్‌డ్ టీమ్ గోల్డ్, మగోళ్ళ టీమ్ సిల్వర్ తెచ్చినాడు, ఆ సిల్వర్‌లో తమ్ముడు ట్సెనె కూడా ఉన్నాడు. 2024 మార్చిలో ప్లానిట్సాలోనే ఆట ఆపేసినాడు. మరుసటేడు ఆ కొండ మీదే డోమెన్ 254.5. నీకాని చిన్నచూపు చూడొద్దు, 236 మీటర్లు దూకింది ఆ పాప!

అనంతపురం_బాబు:
సరే అప్పా అర్థమైంది. పొద్దున మా వాడు ఆ వీడియో చూసినాడు, అప్పట్నించి మంచం మీంచి దూకి ఒక కాలు ముందుకి పెట్టి దిగుతాండాడు, చేతులు కూడా చాపుతాడు. వాళ్ళమ్మ నన్ను తిడతాంది, కింద పరుపు వేసినా.