మట్టి తరలింపునకు ఏ టిప్పర్లు, ఎన్ని?

ప్రశ్న: పునాది తవ్వకంలో వచ్చే బంకమట్టిని నాలుగు కిలోమీటర్ల దూరానికి తరలించాలి. ఎక్స్‌కవేటర్ బకెట్ 1.2 ఘనపు మీటర్లది. ఎంత పరిమాణం గల టిప్పర్లను, ఎన్నింటిని పెట్టుకోవాలి?

జవాబు 1: ముందు మట్టి ఉబ్బును లెక్కించండి. నేలలో ఒక ఘనపు మీటరున్న బంకమట్టి తవ్వి వదులయ్యాక సుమారు 1.3 ఘనపు మీటర్లవుతుంది కనుక, నక్షాలోని కొలతను నేరుగా టిప్పరు సామర్థ్యంతో భాగిస్తే ట్రిప్పుల సంఖ్య తక్కువగా తేలుతుంది. నాలుగు నుంచి ఆరు బకెట్లతో నిండే టిప్పరు మీ యంత్రానికి సరిజోడు. మరీ చిన్నదైతే బండి మారిన ప్రతిసారీ ఎక్స్‌కవేటర్ ఖాళీగా నిలబడుతుంది.

జవాబు 2: నింపడం, వెళ్లడం, దించడం, తిరిగి రావడం, మధ్యలో ఆగడం, వీటన్నిటికీ పట్టే మొత్తం సమయాన్ని ఒక బండి నింపే సమయంతో భాగిస్తే సంఖ్య వస్తుంది. మొత్తం 24 నిమిషాలు, నింపడానికి 4 నిమిషాలు అయితే ఆరు బండ్లు. భిన్నం వస్తే పై సంఖ్యే నయమని నా అభిప్రాయం. ఎక్స్‌కవేటర్ ఆగితే పనంతా ఆగుతుంది.

జవాబు 3: పై లెక్కల్లో బరువు ప్రస్తావన లేదు. తడి బంకమట్టి తొట్టి నిండకముందే అనుమతించిన బరువును దాటవచ్చు. పైగా అది తొట్టి మూలల్లో అంటుకుని, ఎత్తినా పూర్తిగా జారదు. మొదటి లోడ్లను వేబ్రిడ్జిపై తూయించి, ఎన్ని బకెట్లు వేయాలో ఆపరేటరుకు ఖాయం చేయండి.