విలన్ నవ్విస్తే భయం పోతుందా? పక్కనుండే అనుచరుడి అసలు పనేంటి?

రీలుపెట్టె

"విలన్‌ని కామెడీ చేసిన రోజే తెలుగు సినిమాలో భయం చచ్చిపోయింది, పక్కనున్న బంట్లు టైంపాస్‌కే" అని వేరే చర్చలో ఒకరన్నారు. నేను ఒప్పుకోను. అనుచరుడు సరిగ్గా కుదిరితే విలన్‌కి బలం పెరుగుతుంది.

పాతాళభైరవి (1951) తీసుకోండి. ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు, పద్మనాభం అతని శిష్యుడు సదాజప. అందరూ సదాజపని నవ్వుల ఖాతాలో వేసేస్తారు గానీ, కథలో అతను మోసే బరువు చూడండి. మాంత్రికుడి పన్నాగం మనకి తెలియాలంటే అతను ఎవరితోనో ఒకరితో చెప్పాలి, ఆ చెవి సదాజపది. హీరో తోటరాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చేశాక సంజీవనితో లేపేది కూడా సదాజపే. అతను లేకపోతే సినిమా అక్కడితో సరి. చివర్లో హీరో స్నేహితుడు అంజి మాంత్రికుడి దగ్గరికి వెళ్ళేది సదాజప వేషంలోనే. గడ్డం తీస్తే రాకుమారికి నచ్చుతారని నమ్మిస్తాడు, గడ్డంతోపాటు శక్తులూ పోతాయి. అంటే విలన్ ప్రాణం పోసుకున్నదీ శిష్యుడి వల్లే, మోసపోయిందీ శిష్యుడి మీద నమ్మకం వల్లే. దీన్ని టైంపాస్ అంటే ఎలా?

బుర్రకథలో కథకుడి పక్కన వంత పాడేవాళ్ళ లాంటి పని ఇది. కథకుడికి ఇద్దరు వంతలు. అందులో ఒకరిది హాస్యం. వంత "తందాన తాన" అనకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే చోటుండదు.

గోదారిగట్టు

సదాజప మాట ఒప్పుకుంటాను. కానీ మీ లెక్క ప్రకారం నవ్వు బంటు మీద, భయం విలన్ మీద పడాలి. ముత్యాలముగ్గు (1975) కాంట్రాక్టర్ దానికి లొంగడు. అక్కడ నవ్వు పుట్టించేది ఆ విలన్ పాత్ర వేసిన రావు గోపాలరావే. పక్కనున్న 'సెగట్రీ', అదే సెక్రటరీ, వినడానికి ఉన్నాడంతే. పొద్దున్నే సూర్యుణ్ణి చూసి కవిత్వం చెప్పేవాడు, అదే గొంతుతో, ఒక్క మెట్టు కూడా పెంచకుండా, మనిషిని కారు డిక్కీలో పడుకోబెట్టే మాట చెబుతాడు. ఆ గొంతు మారకపోవడంలోనే ఉంది భయమంతా. తను నవ్విస్తున్నానని ఆ పాత్రకి తెలియదు. తనకి కళాపోషణ ఉందని మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

ఆ సినిమాకి ముళ్ళపూడి వెంకటరమణ రాసిన మాటల్ని తర్వాత చాలామంది అనుకరించారు, యాస పట్టుకున్నారు, ఉపమానాలు పట్టుకున్నారు. మాట చివర విలన్ తనే నవ్వడం మొదలెట్టారు. అక్కడ చెడింది. విలన్ తన మాటకి తను నవ్వాడంటే జోకు అయిపోయినట్టే, ఇక వెనకాల బెదిరింపుకి చోటు లేదు.

మూవియోలా

ఎడిటింగ్ బల్ల మీద ఇది ఎక్కడ చెడుతుందో చెబుతాను.

విలన్ మాట అన్నాక అనుచరుడి ముఖానికి కట్ చేస్తాం. ఆ షాటు పన్నెండు ఫ్రేములు ఉంటే, అంటే అర సెకను, అతను విన్నాడని మాత్రమే తెలుస్తుంది. ఒకటిన్నర సెకను ఉంచితే అతను ముందు నవ్వబోయి, విలన్ నవ్వట్లేదని గమనించి, నోరు మూసుకోవడం కనబడుతుంది. నవ్వూ భయమూ ఒకే షాటులో దొరుకుతాయి. మూడు సెకన్లు లాగితే నటుడు మొహాలు పెట్టడం మొదలెడతాడు. నేనైతే ఇద్దరినీ ఒకే ఫ్రేములో, అనుచరుణ్ణి అరడుగు వెనక నిలబెట్టి తీసిన షాటే వాడతాను. కట్లు ఎక్కువైతే ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టుంటుంది.

హాల్లో నవ్వు పడే చోట రెండు సెకన్లు మాట లేకుండా వదలాలి. లేకపోతే తర్వాతి డైలాగు ఆ గోలలో మునిగిపోతుంది. కథకి కావలసిన సమాచారం ఆ డైలాగులోనే ఉంటే ఇక అంతే. ఆ ఖాళీలో చేతికేదో పని ఇవ్వాలి, తాంబూలం చుట్టుకోవడమో, కళ్ళజోడు తుడుచుకోవడమో.

అన్నిటికన్నా పెద్ద నష్టం రీరికార్డింగులో, అంటే సీన్ల వెనక సంగీతం, శబ్దాలు వేసేచోట. అనుచరుడు తల తిప్పిన ప్రతిసారీ 'టొయ్' మని శబ్దం వేస్తారు. ఆ శబ్దం "భయపడకండి, ఇది ఉత్తుత్తిదే" అని ప్రేక్షకుడికి చెప్పేస్తుంది.

నల్లగొండ పోరడు

అన్నలారా, గీ ముచ్చట ఒక్కరు గూడ ఎత్తలే. నవ్వు దేని మీదికెల్లి వస్తుందో సూడుండ్రి. ప్రతిఘటన (1985)ల కోట శ్రీనివాసరావు కాశయ్య పాత్రకు తెలంగాణ యాస మాట్లాడిండు. కోట నటనకు వంక లేదు, ఆంధ్రల కంకిపాడు మనిషై గూడ మా మాటను గట్ల పట్టుకున్నడు. దాని తర్వాత ఏమైంది? హీరో పుస్తకాల భాష మాట్లాడ్తడు, విలనూ, వాని ఎనకున్న నలుగురూ మా యాస మాట్లాడ్తరు. మా అమ్మమ్మలు మాట్లాడే మాట తెరమీద వినబడంగనే హాలంత నవ్వుడే. తెలంగాణ ఉద్యమంల ఇది గూడ ఒక బాధనే. ఫిదా (2017)ల హీరోయిన్ అదే యాస మాట్లాడితె జనం నెత్తిన పెట్టుకున్నరు. తప్పు యాసది కాదు, ఎవని నోట్లె పెట్టిండ్రన్నదే.

గోదారిగట్టు

మీరన్నది న్యాయం. కాంట్రాక్టర్‌దీ గోదావరి యాసే కదా, మరి మాకెందుకు నొప్పి లేదని ఆలోచించాను. మా యాస హీరోల నోటా, తల్లుల నోటా కూడా వినబడేది. మీ యాసకి ఆ చోటు దక్కలేదు. ఒక చిన్న పరీక్ష చెబుతాను: రాసిన డైలాగుని మామూలు భాషలోకి మార్చి చదవండి. అప్పుడు నవ్వు రాకపోతే ఆ నవ్వు పాత్రది కాదు, యాసని వెక్కిరించి పిండుకున్నది. కాంట్రాక్టర్ మాటలు ఆ పరీక్షలో నిలుస్తాయి. చాలా అనుచర పాత్రలు నిలవవు.

రీలుపెట్టె

ఆ పరీక్ష నేనూ వాడుకుంటాను. 'నవ్వు బంటు మీదే పడాలి' అన్నట్టుగా రాసిన నా మాట కూడా సవరించుకుంటున్నాను. దానికి అహ నా పెళ్ళంట (1987) ఒక్కటి చాలు. కోట చేసిన పిసినారి లక్ష్మీపతి ఎదురుగా కోడిని వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటాడు. నవ్వంతా అతని మీదే. బ్రహ్మానందం అరగుండు ఆ యజమానిని తిట్టుకుంటూనే కొలువు చేస్తాడు. అయినా లక్ష్మీపతి బలం తగ్గదు, ఎందుకంటే పిల్లనిచ్చే అధికారం అతని చేతిలోనే ఉంది.

శ్రీను వైట్ల రెడీ (2008)లోనూ అంతే. విలన్ల ఇంట్లోకి హీరో దూరి ఆటాడిస్తాడు, వాళ్ళ ఆడిటర్ మెక్‌డోవెల్ మూర్తి బకరా అవుతాడు. కానీ ఆస్తి కోసం పిల్లని తమ ఇంటి కోడలు చేసుకోవాలన్న మామల పంతం మాత్రం సడలదు. దాన్ని చూసి తీసినవాళ్ళు ఇల్లు, మారువేషం, బకరా తీసుకుని పంతం వదిలేశారు. గంటసేపు అందరి చేతా వెర్రివాడైన విలన్ క్లైమాక్సులో కత్తి పట్టుకుంటే ఎవరు నమ్ముతారు?

మూవియోలా

అక్కడ మేము బల్ల మీద చేసే మరమ్మతు ఒకటుంది. ఇంటర్వెల్‌కి ముందున్న క్రూరమైన సీనుని రెండో సగం మధ్యకి జరుపుతాం. ఒక్కోసారి పనిచేస్తుంది. కానీ అనుచరుడు ఆ సీనులో కూడా 'టొయ్' మంటూ తల తిప్పి ఉంటే ఎక్కడికి జరిపినా లాభం లేదు. ఆ ట్రాకు తీసేయమని దర్శకుణ్ణి బతిమాలుకోవాల్సిందే.