నెట్‌వర్క్ పడిపోయి ఓడ తప్పిపోయింది, ఏఎంసీ మార్చాలా?

చీమకుర్తి పాలిషింగ్:
అందరికీ నమస్తే. మాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్. ఆఫీసులో ఆరు కంప్యూటర్లు, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఉన్న సర్వర్ ఒకటి, కాటా దగ్గర ఒక కంప్యూటర్, షెడ్లలో సీసీ కెమెరాలు. ఒంగోలు నుంచి ఒకాయన వచ్చి చూస్తాడు, ఏడాదికి 12 వేలు ఏఎంసీ (ఏడాది పొడుగునా చూసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం). ఫోన్ చేస్తే "దార్లో ఉన్నా" అంటాడు, వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది.

మొన్న మంగళవారం పొద్దున తొమ్మిదికి సర్వర్ దొరకడం మానేసింది. విచిత్రం ఏంటంటే పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి పనిచేస్తుంది, రెండోది చేయదు, రీస్టార్ట్ చేస్తే చేసేది ఆగిపోతుంది. ఆ రోజు చెన్నై పోర్టుకి రెండు కంటైనర్లు వెళ్లాలి. ప్యాకింగ్ లిస్టు, ఇన్వాయిసులు అన్నీ సర్వర్‌లోనే. ఆయన బుధవారం వచ్చి అన్నీ ఆపి, మళ్లీ ఆన్ చేసి వెళ్లిపోయాడు. ఈలోపు పోర్టు గేటు టైం దాటిపోయి సరుకు తర్వాతి ఓడకి మార్చుకోవాల్సి వచ్చింది. శుక్రవారం మళ్లీ అదే కథ.

ఇంకొకరిని అడిగితే ఏడాదికి 60 వేలు అంటున్నారు. మా నాన్న "వైర్లు చూడటానికి ఐదు రెట్లా?" అని కోప్పడుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు, ఏం చేయమంటారు?

ఒంగోలు అకౌంట్స్:
తమ్ముడూ, ముందు ఆ మంగళవారం ఎంత పోయిందో కాగితం మీద రాయి. లారీ హాల్టింగ్, ఖాళీగా కూర్చున్న కూలీల రోజుకూలి, ఓడ మార్చినందుకు కట్టింది, అన్నీ. ఏఎంసీ డబ్బు ఒక్కటే బిల్లు రూపంలో కనిపిస్తుంది కాబట్టి అదే ఖర్చు అనుకుంటాం, ఇవి వేర్వేరు ఖాతాల్లో కలిసిపోయి ఎవరి కంటా పడవు.

అదే 20వ తారీఖున పడిపోయి ఉంటే నెలనెలా వేసే జీఎస్టీ 3బీ రిటర్న్ ఆలస్యమై రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ కూడా పడేవి. సరుకు లారీ వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లుకి మాత్రం ఆఫీసు నెట్ మీదే ఆధారపడనక్కర్లేదు, ఫోన్ నంబర్ రిజిస్టర్ చేసుకుంటే ఎస్ఎంఎస్‌తో కూడా తీయొచ్చు. ఎంత తొందరున్నా బిల్లు లేకుండా లారీని మాత్రం కదిలించవద్దు, దారిలో ఆపితే పన్నుకి రెండింతలు పెనాల్టీ. ప్యాకింగ్ లిస్టు కాపీ రోజూ సాయంత్రం ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకో.

కావలి టెక్నీషియన్:
మీరు చెప్పిన లక్షణం చూస్తే మీ లైన్‌లో ఇంకో రౌటర్ ఎవరో తగిలించినట్టుంది. ప్రతి కంప్యూటర్ ఆన్ అవగానే "నా అడ్రస్ ఏంటి" అని అడుగుతుంది, రెండు రౌటర్లు ఉంటే ఏది ముందు జవాబిస్తే దాని మాట వింటుంది. తప్పుడు రౌటర్ మాట విన్నదానికి సర్వర్ కనిపించదు. పనిచేయని కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి, డిఫాల్ట్ గేట్‌వే దగ్గర నంబర్, పనిచేసేదాని నంబర్ ఒకటేనా చూడండి. వేరుగా ఉంటే షెడ్లన్నీ తిరిగి ఆ డబ్బా వెతకండి. ఇది అరగంట పని, ఆపి ఆన్ చేస్తే ఎప్పటికీ పోదు.

ఒక మాట ఆయన తరఫున కూడా చెప్పాలి. 12 వేలంటే నెలకి వెయ్యి. ఆ డబ్బుకి ఎవరైనా నలభై యాభై కస్టమర్లని పెట్టుకుంటేనే బతుకుతారు, పిలవగానే రాలేరు. మీరు 60 వేలు ఇచ్చినా ఎన్ని గంటల్లో వస్తారో, స్పేర్ నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిపే డబ్బా) మీ దగ్గరే ఉంచుతారో లేదో కాగితం మీద రాయించకపోతే ఇదే జరుగుతుంది.

నెల్లూరు రొయ్యలు:
అన్నా, పాస్‌వర్డులు కూడా రాయించుకోండి, దండం పెడతా. మా ప్రాసెసింగ్ ప్లాంట్‌లో చూసే అబ్బాయి ఉన్నట్టుండి మానేసి ఫోన్ ఎత్తలేదు. రౌటర్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, రీసెట్ చేస్తే సెట్టింగులన్నీ పోయాయి. కోల్డ్ స్టోరేజ్ టెంపరేచర్ పెరిగితే మెసేజ్ వచ్చే ఏర్పాటు కూడా దాని మీదే ఉందని అప్పటిదాకా మాకు తెలియనే తెలియదు. మూడు రాత్రులు మనిషిని కూర్చోబెట్టి గంటగంటకీ మీటర్ చూపించాం.

చీమకుర్తి పాలిషింగ్:
కావలి అన్నా, మీకు చాలా థాంక్స్. దొరికింది. రెండో షెడ్‌లో మా ఆపరేటర్ ఫోన్‌కి వైఫై కోసం పాత రౌటర్ తగిలించాడు. పాపం అతనికేం తెలుసు, చెప్పినవాళ్లు లేరు. తీసేశాక మూడు రోజులుగా ఒక్కసారి కూడా ఆగలేదు.

లెక్క కూడా రాశాను. లారీల హాల్టింగ్ 7,000, పదకొండు మంది కూలీలకు 7,700, ఓడ మార్చినందుకు 28,000. మొత్తం 42,700, ఒక్క రోజుకి. నాన్న రెండుసార్లు చదివి, ఆ 60 వేల ఆయన్ని సోమవారం రమ్మన్నారు. ఇంకొకటి అడగాలి, ఆఫీసు నుంచి కాటాకి వేసిన నెట్ కేబుల్ మోటార్ల కరెంటు వైర్ పక్కనే 130 మీటర్లు వెళ్తుంది, అది అలాగే ఉంచొచ్చా?

కావలి టెక్నీషియన్:
వద్దు. రాగి కేబుల్‌కి 100 మీటర్లే హద్దు, పైగా పిడుగు పడితే స్విచ్ కూడా పోతుంది. ఫైబర్ వేయించండి, సోమవారం ఆయన వచ్చినప్పుడు ముందు అదే చూపించండి.